భుజం ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తుల్లో గడ్డలు: నా అనుభవం

ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకునే కాగితంలో రాగల ఇబ్బందులన్నీ వరుసగా రాసి ఉన్నాయి. ఇన్ఫెక్షన్, రక్తస్రావం, నరానికి దెబ్బ తగలడం, భుజం బిగుసుకుపోవడం, కుట్టిన చోట మళ్లీ చిరగడం. ఆ వరుస చివర్లో, కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డలు కట్టవచ్చని, అది అరుదని ఒక వాక్యం. భుజానికి చేసే ఆపరేషన్‌కు కాళ్లతో ఏం పని అని అడిగాను. సర్జన్ విసుక్కోకుండా చెప్పారు. "ఏ ఆపరేషన్‌కైనా ఆ రిస్క్ కొంత ఉంటుందమ్మా. తుంటి, మోకాలు మార్పిడితో పోలిస్తే భుజానికి చాలా తక్కువ. మీరు త్వరగా లేచి తిరగడం మొదలుపెట్టండి."

ఆయన చెప్పింది నిజమే. కీహోల్ పద్ధతిలో, అంటే చిన్న రంధ్రాల గుండా చేసే భుజం ఆపరేషన్ల తర్వాత లక్షణాలతో బయటపడే గడ్డలు వెయ్యి మందిలో ఒకరికో ఇద్దరు ముగ్గురికో వస్తాయి. భుజం కీలు మార్పిడి అయితే ఇంకాస్త ఎక్కువ, వందకు ఒకరి చుట్టుపక్కల. ముందుజాగ్రత్త మందులు లేని కాలంలో తుంటి మార్పిడి అయినవాళ్లకు పరీక్షలు చేస్తే దాదాపు సగం మంది కాలి సిరల్లో గడ్డలు కనిపించేవట, అవి చాలావరకు లక్షణాలు లేనివే అయినా. అందుకే ఆ ఆపరేషన్లకు ఇచ్చినంత ప్రాధాన్యం భుజం దగ్గర ఈ విషయానికి ఇవ్వరు. నాకు వచ్చింది కాబట్టి అందరూ భయపడాలని ఇది రాయడం లేదు.

నేను చెప్పాలనుకున్నది వేరు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఇచ్చే ప్రతి సూచనకూ, భుజం ఆపరేషన్ అయిన మనిషి దగ్గర ముందే ఇంకో సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆయాసమా, మత్తు ఇంజెక్షన్ వల్ల. భుజం పైన నొప్పా, కోసింది అక్కడే కదా. చెయ్యి వాచిందా, ఆపరేషన్ అయ్యాక వాయదా మరి. గుండె దడా, టెన్షన్. నీరసమా, కూర్చుని నిద్రపోతే ఉండదా. ఈ సమాధానాలు చాలాసార్లు నిజం కూడా. చిక్కంతా అక్కడే ఉంది.

నాది కుడి భుజంలో రొటేటర్ కఫ్ చిరుగు, అంటే భుజం కీలును పట్టి ఉంచే కండరాల కొసలు చిరగడం. చెయ్యి పైకెత్తినప్పుడల్లా ప్రాణం పోయేది. ఫిజియోథెరపీ అయింది, ఇంజెక్షన్ అయింది, చివరికి కుట్టక తప్పదన్నారు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు అడిగిన ప్రశ్నల్లో సగం భుజానికి సంబంధం లేనివే. ఇంతకు ముందు ఎప్పుడైనా గడ్డలు కట్టాయా, అమ్మానాన్నలకు, తోబుట్టువులకు కట్టాయా, హార్మోన్ మాత్రలు వాడుతున్నానా, క్యాన్సర్ చికిత్స ఏమైనా జరిగిందా, పొగ తాగుతానా, ఈమధ్య గంటల తరబడి ప్రయాణం చేశానా. అన్నిటికీ లేదనే చెప్పాను. నా వైపు నుంచి ఉన్నవి రెండే. వయసు యాభై దాటింది, బరువు ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంది.

ముందే రక్తం పలచబడే ఇంజెక్షన్ ఇవ్వకూడదా అని అడిగాను. భుజంలో రక్తం చేరితే గాయం మానడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్‌కు దారి దొరుకుతుంది, నాకున్న కొద్దిపాటి రిస్క్‌కు ఆ మందు వల్ల లాభం కన్నా ఇబ్బందే ఎక్కువ కావచ్చు అన్నారు. తర్వాత తీరిగ్గా చదివితే, బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. చెయ్యి, భుజం ఆపరేషన్ లోకల్ మత్తుతోనో నరాల బ్లాక్‌తోనో జరిగితే మామూలుగా ఈ మందులు అక్కర్లేదు. పూర్తి మత్తు 90 నిమిషాలు దాటినా, ఆపరేషన్ తర్వాత మనిషి లేచి తిరగడం కష్టమయ్యేలా ఉన్నా వాటి గురించి ఆలోచించాలి. నా ఆపరేషన్ ఆ గీతకు అటూ ఇటూగా ఉంది. అప్పుడు వాళ్లు తీసుకున్న నిర్ణయం తప్పని నేను ఇప్పటికీ అనను.

థియేటర్‌లో రెండు పిక్కలకూ గాలి పట్టీలు కట్టారు. బీపీ చూసే పట్టీలాంటివే, కాసేపటికోసారి ఉబ్బి పిక్కను నొక్కి వదులుతుంటాయి. మత్తులో కండరాలు కదలవు కాబట్టి కాళ్లలోని రక్తం పైకి నడవడానికి ఈ ఏర్పాటు. భుజం ఆపరేషన్ చాలాసార్లు మనిషిని సగం కూర్చోబెట్టి చేస్తారు, దాన్ని బీచ్ చెయిర్ పొజిషన్ అంటారు. అంటే ఆ సమయమంతా కాళ్లు గుండెకన్నా కిందే ఉంటాయి. ఈ సంగతి తెలిశాక, భుజానికీ కాళ్లకూ ఏం పని అన్న నా ప్రశ్నకు సగం జవాబు దొరికింది.

పూర్తి మత్తుతో పాటు మెడ పక్కన సూదితో నరాల బ్లాక్ కూడా ఇచ్చారు. ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ అంటారు. నొప్పి విషయంలో అది వరమే. కానీ మెలకువ వచ్చేసరికి గొంతు బొంగురుపోయింది, కుడి కనురెప్ప కిందికి వాలింది, ఎంత ప్రయత్నించినా గుండెల నిండా గాలి పీల్చుకోలేకపోతున్నాను. కంగారుగా పిలిస్తే మత్తు డాక్టరు వచ్చి నవ్వుతూ వివరించారు. భుజానికి వెళ్లే నరాల పక్కనే డయాఫ్రమ్‌ను, అంటే ఊపిరి పీల్చడానికి వాడే పెద్ద కండరాన్ని నడిపించే నరం కూడా ఉంటుంది. మందు దానికీ తగులుతుంది. మామూలు మోతాదులో ఇచ్చే బ్లాక్‌తో దాదాపు అందరికీ ఆ వైపు డయాఫ్రమ్ కొన్ని గంటలు పని మానేస్తుంది. ఊపిరితిత్తులు బాగున్నవాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు, కొందరికి నాలా తెలుస్తుంది. రెప్ప వాలడం, గొంతు మారడం కూడా పక్క నరాలకు మందు తగిలినందువల్లే.

ఆ మొదటి రాత్రి ఆయాసం గురించి ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, దాని తీరు గుర్తుండబట్టే రెండోది వేరే అని పోల్చుకోగలిగాను. మొదటిది మెలకువ వచ్చిన క్షణం నుంచీ ఉంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువయ్యేది, కూర్చుంటే తగ్గేది. వేలికి పెట్టిన మెషీన్‌లో ఆక్సిజన్ బాగానే ఉంది. మర్నాడు చేతి వేళ్లకు స్పర్శ తిరిగి వస్తున్నకొద్దీ ఆయాసమూ పోయింది, గొంతూ తేటపడింది. బ్లాక్ దిగిపోయాక ఇక దాని పేరు చెప్పడానికి లేదు.

ఇంటికొచ్చాక అసలు కష్టం నిద్ర. భుజం ఆపరేషన్ అయినవాళ్లకు మంచం పగవాడు. పడుకుంటే భుజం లాగుతుంది, పక్కకు తిరగడానికి లేదు, స్లింగ్‌కు ఉన్న దిండు పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. అందరూ చేసినట్టే నేనూ వాలు కుర్చీలో రాత్రిళ్లు గడిపాను. పగలు కూడా ఎక్కువగా అందులోనే. నొప్పి మాత్రలతో మగతగా ఉండేది. బాత్‌రూమ్‌కు, భోజనానికి లేస్తున్నాను, గదిలో నాలుగు అడుగులు వేస్తున్నాను, కాళ్లకు ఏ జబ్బూ లేదు. అయినా రోజులో ఎక్కువ భాగం మోకాళ్లు మడిచి కూర్చునే ఉన్నట్టు లెక్క. ఒంటిచేత్తో బాత్‌రూమ్ పని నరకమని నీళ్లు తాగడం తగ్గించేసిన వాళ్లను ఆ తర్వాత ఫిజియోథెరపీ దగ్గర చాలామందినే కలిశాను. ఆస్పత్రుల్లో కాళ్లు కదపాలన్న ఈ ఒక్క సంగతి ఇంకా గట్టిగా చెబితే బాగుండునని నాకనిపిస్తుంది. కాలి ఆపరేషన్ అయినవాడికి కాళ్లు కదపమని పదిసార్లు చెబుతారు. చేతి ఆపరేషన్ అయినవాడికి కాళ్లున్న సంగతి ఎవరూ గుర్తు చేయరు.

రెండో వారంలో ఒక ఉదయం భుజం పైభాగంలో కొత్త నొప్పి మొదలైంది. దాంతోపాటు కుడి పక్కటెముకల కింద ఒక పోటు. మా ఆయన స్లింగ్ పట్టీ వదులు చేసి కట్టారు, దిండు జరిపారు. తేడా లేదు. అప్పటికి నా భుజం నొప్పితో నాకు బాగానే పరిచయం. చెయ్యి కదిలితే అది పెరుగుతుంది, ఐస్ పెడితే, కదలకుండా ఉంటే తగ్గుతుంది. ఈ కొత్త నొప్పికి చేతితో సంబంధమే లేదు. గాలి లోపలికి పీల్చినప్పుడు పొడుస్తోంది, ఊపిరి బిగబడితే ఆగుతోంది. దగ్గితే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

కాసేపటికి అమ్మాయి ఫోన్ చేసింది. రోజూ చేసేదే. మామూలు కబుర్లు చెబుతుంటే మధ్యలో ఆపి, "అమ్మా, ఏంటలా ముక్కలు ముక్కలుగా మాట్లాడుతున్నావ్? రెండు మాటలకోసారి ఊపిరి తీసుకుంటున్నావ్" అంది. ఎదురుగా ఉన్న మాకు తెలియనిది ఫోన్లో వింటున్న పిల్లకు తెలిసింది. ఇంట్లో ఉన్న పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టుకుంటే ఆక్సిజన్ 92, గుండె వేగం 116. కదలకుండా కూర్చున్న మనిషికి ఆ అంకెలు రెండూ బాగాలేవు.

డిశ్చార్జ్ కాగితం మీద ఉన్న నంబరుకు ఫోన్ చేశాం. ఎత్తిన నర్సు భుజం గురించి ఏమీ అడగలేదు. ఆయాసం ఉన్నట్టుండి వచ్చిందా, ఊపిరి పీలిస్తే నొప్పి పొడుస్తోందా, కళ్లు తిరుగుతున్నాయా, దగ్గితే రక్తం పడుతోందా, పిక్కలో వాపు గానీ నొప్పి గానీ ఉందా అని వరుసగా అడిగింది. మొదటి రెండింటికి అవునన్నాను. కాళ్లు మామూలుగానే ఉన్నాయని చెప్పాను. "కాలు వాయకపోయినా సరే మేడమ్, ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వచ్చేయండి, ఒక్కరే రావద్దు" అంది. ఆమె గొంతులో ఉన్న నిక్కచ్చితనం వల్లే మా ఆయన ఇంకో మాట లేకుండా బయల్దేరదీశారు.

ఎమర్జెన్సీలో ఈసీజీ తీశారు. గుండె వేగంగా కొట్టుకుంటోంది తప్ప ఇంకేమీ లేదు. ఛాతీ ఎక్స్‌రేలోనూ చెప్పుకోదగ్గది లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను, అంటే మనసులో. డ్యూటీ డాక్టర్ మాత్రం ఊరుకోలేదు. చిన్న వయసు అమ్మాయి, నా మంచం పక్కనే నిలబడి లెక్క వేసింది. నాలుగు వారాల లోపు ఆపరేషన్ జరిగింది, గుండె వేగం 100 దాటింది, ఈ లక్షణాలకు ఇంతకన్నా సరిపోయే కారణం ఇంకోటి కనిపించడం లేదు. వెల్స్ స్కోర్ అనే ఆ పద్ధతిలో మొదటి రెండింటికీ ఒకటిన్నర చొప్పున, మూడోదానికి మూడు. మొత్తం ఆరు. నాలుగు దాటితే గడ్డ ఉండే అవకాశం ఎక్కువని చూసుకోవాలట.

డి డైమర్ అనే రక్త పరీక్ష గురించి విని ఉన్నారు కాబట్టి అది చేయరా అని మా ఆయన అడిగారు. గడ్డ కరిగే క్రమంలో రక్తంలో కలిసే ముక్కలను కొలిచే పరీక్ష అది. రిస్క్ తక్కువ ఉన్నవాళ్లలో అది మామూలుగా వస్తే గడ్డ లేదని ధైర్యంగా ఇంటికి పంపొచ్చు. కానీ కొత్తగా ఆపరేషన్ అయిన ఒంట్లో గాయం మానే పనిలోనే అది పెరిగిపోయి ఉంటుంది, నాకు చేసినా ఎక్కువే వస్తుంది, దాంతో తేలేదేమీ లేదు అంది ఆమె. నేరుగా సీటీ. రంగు మందు ఎక్కించి ఊపిరితిత్తుల రక్తనాళాలను చూసే పరీక్ష, సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్.

ఆ పరీక్షకు రెండు చేతులూ తల పైకి ఎత్తి పడుకోమంటారు. నా కుడి చెయ్యి స్లింగ్‌లోంచి అంగుళం బయటికి రాకూడదు. టెక్నీషియన్ కాసేపు తల గోక్కుని, ఎడమ చెయ్యి పైకి, కుడి చెయ్యి స్లింగ్‌తోనే పొట్ట మీద ఉంచి పడుకోబెట్టాడు. ఎడమ మోచేతి మడతలో లావుపాటి క్యాన్యులా. మందు ఎక్కుతున్నప్పుడు గొంతు నుంచి కింది దాకా ఒళ్లంతా వేడి పాకుతుంది, బట్టల్లోనే మూత్రం పోయిందేమో అన్న అనుమానం వస్తుంది. పోదు. ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. అందరికీ చెప్పాలి ఈ ముక్క. ఊపిరి బిగబట్టమన్న ఆ కొద్ది సెకన్లే నాకు కష్టమయ్యాయి.

కుడి ఊపిరితిత్తి కింది భాగానికి వెళ్లే కొమ్మల్లో గడ్డలు, ఎడమవైపు ఒక చిన్న కొమ్మలో ఇంకోటి. కుడివైపు గడ్డ అడ్డుపడిన చోట అంచున కొంచెం ఊపిరితిత్తి దెబ్బతింది, దాని మీదున్న పొర వాచింది, పోటు అక్కడినుంచే. ఎకో తీసి గుండె కుడి భాగం మీద ఒత్తిడి పడలేదని చెప్పారు. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కూడా మామూలుగానే ఉంది. ప్రాణానికి వెంటనే ముప్పు లేని రకం అని దాని అర్థం. తర్వాత రెండు కాళ్లకూ, కుడి చేతికీ డాప్లర్, అంటే సిరల్లో రక్తం పారే తీరు చూసే స్కాన్ చేశారు. చేతిలో ఏమీ లేదు. ఎడమ మోకాలి వెనక సిరలో గడ్డ ఉంది. ప్రోబ్‌తో నొక్కితే మామూలు సిర అణిగిపోతుంది, అది అణగలేదు. ఆ కాలిలో నాకు నొప్పి లేదు, వాపు లేదు. భుజం ఆపరేషన్ల తర్వాత గడ్డ ఆ చేతి సిరల్లోనూ పుట్టవచ్చు, కాళ్లలోనూ పుట్టవచ్చు. నాకు కాలిలో పుట్టింది.

మరి భుజం పైన నొప్పి ఎందుకొచ్చింది? ఇది నన్ను బాగా వేధించిన ప్రశ్న. వార్డుకు వచ్చిన పెద్ద డాక్టరు తన మెడ మీదే వేలు పెట్టి చూపించారు. మొదటి రోజు మత్తు మందు తగిలి పడుకున్న నరమే ఇక్కడా పాత్రధారి. డయాఫ్రమ్‌కు వెళ్లే ఆ నరం మెడలో మూడు, నాలుగు, ఐదో వెన్ను నరాల నుంచి బయల్దేరుతుంది. భుజం పైనున్న చర్మానికి స్పర్శనిచ్చేవి కూడా అక్కడివే. అందుకని ఊపిరితిత్తి అడుగున డయాఫ్రమ్‌ను ఆనుకున్న పొర వాస్తే, మెదడు ఆ నొప్పిని భుజం పైన ఉన్నట్టు లెక్కగట్టవచ్చు. ఆపరేషన్ లేని మనిషికి ఉత్తినే భుజం నొప్పి వచ్చి ఊపిరి పీలిస్తే పెరుగుతుంటే డాక్టర్లు ఛాతీని, పొట్టనూ అనుమానిస్తారట. అదే భుజానికి కుట్లు పడి ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది? "నొప్పి ఎక్కడుందని కాదు, దేనితో పెరుగుతోందని చూడాలి" అన్నారాయన. నాకు దొరికిన అన్ని సలహాల్లోకీ ఇదే పనికొచ్చింది.

ఆయనే గడ్డలెందుకు కడతాయో కూడా చెప్పారు. పంతొమ్మిదో శతాబ్దంలో రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ వైద్యుడు, ఊపిరితిత్తుల్లో కనిపించే గడ్డలు అక్కడ పుట్టినవి కావని, సిరల్లో పుట్టి తెగి రక్తంతో పాటు కొట్టుకొచ్చినవని చూపించాడు. ఆయన పుట్టినరోజైన అక్టోబర్ 13నే ప్రపంచ థ్రాంబోసిస్ (రక్తనాళాల్లో గడ్డకట్టడం) దినంగా జరుపుతున్నారు. రక్తం నెమ్మదించడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం అనే మూడు కారణాలను ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు. ఆపరేషన్ ఎక్కడ చేసినా, గాయం మాన్చుకోవడానికి ఒంట్లో రక్తమంతటికీ గడ్డకట్టే గుణం పెరుగుతుంది, ఒక్క భుజంలో రక్తానికే కాదు. ఆ పెరుగుదల మొదటి కొన్ని వారాల్లో బాగా, మూడు నెలల దాకా కొంతా ఉంటుంది. దానికి మత్తులో కదలని కాళ్లు, తర్వాత కుర్చీలో మడిచిన మోకాళ్లు తోడయ్యాయి.

వైద్యం మొదలుపెట్టే ముందు డ్యూటీ డాక్టర్ మా సర్జన్‌తో మాట్లాడింది. కొత్త గాయం ఉన్న భుజం, రక్తం పలచబడే మందు. రెండూ ఒకచోట కుదరవు కదా. కానీ ఇప్పుడు లెక్క తిరగబడింది. భుజంలో కాస్త రక్తం చేరితే తీసేయొచ్చు, ఊపిరితిత్తిలోకి ఇంకో పెద్ద గడ్డ వస్తే సమయం ఇవ్వదు. పొట్ట చర్మం కింద ఎనాక్సపారిన్ ఇంజెక్షన్‌తో మొదలుపెట్టి, తర్వాత ఎపిక్సబాన్ మాత్రలకు మార్చారు. మొదటి ఏడు రోజులు 10 మిల్లీగ్రాములు పూటకు ఒకసారి చొప్పున రోజుకు రెండుసార్లు, ఆ తర్వాత 5 మిల్లీగ్రాములు రెండుసార్లు. ఈ మోతాదు నాకు రాసింది, ఎవరికి ఏ మందు ఎంత అన్నది వాళ్ల కిడ్నీలు, బరువు, వాడే ఇతర మందులు చూసి డాక్టర్లు తేల్చాల్సిందే.

ఈ మందు గడ్డను కరిగించదని అప్పుడే తెలిసింది. ఉన్న గడ్డ పెరగకుండా, కొత్తది కట్టకుండా ఆపుతుందంతే. కరిగించుకునే పని ఒళ్లే మెల్లగా చేసుకుంటుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్లు వేరే ఉన్నాయి కానీ బీపీ పడిపోయి ప్రాణం మీదికి వచ్చినవాళ్లకే అవి వాడతారు. నాలా పచ్చి గాయంతో ఉన్నవాళ్లకు వాటితో రక్తస్రావం ప్రమాదం మరీ ఎక్కువ.

మాత్రలు మొదలైన కొద్ది రోజులకు భుజం నుంచి మోచేతి దాకా నల్లగా కమిలింది. తర్వాత ఊదా, ఆకుపచ్చ, పసుపు. చూసినవాళ్లు బెంబేలెత్తారు. సర్జన్ వచ్చి నొక్కి చూసి, భుజం రాయిలా గట్టిపడలేదు, కుట్ల దగ్గర తడి లేదు, వేళ్లు బాగా కదులుతున్నాయి కాబట్టి ఫర్వాలేదన్నారు. నొప్పి మాత్రలు మార్చేశారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి రక్తం పలచబడే మందుతో కలిస్తే కడుపులో రక్తస్రావానికి దారితీయొచ్చు కాబట్టి అవి బంద్, పారాసిటమాల్‌తో సర్దుకోవాలి. ఆపరేషన్ నొప్పికి పారాసిటమాల్ ఏ మూలకూ చాలదు. ఆ వారాలు ఐస్ ప్యాక్ మీదే నెట్టుకొచ్చాను.

ఫిజియోథెరపీ ఆగుతుందేమో అనుకున్నాను గానీ ఆపలేదు. చెయ్యి వేలాడదీసి మెల్లగా ఊపడం లాంటివి అనుకున్నట్టే సాగాయి. దాంతోపాటు ఫిజియోథెరపిస్ట్ కాళ్లకూ ఒక పట్టిక ఇచ్చింది. కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించాలి, మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి లేచి నడవాలి. పిక్క కండరం బిగిసి వదిలినప్పుడల్లా సిరల్లోని రక్తం గుండెవైపు కదులుతుంది. కాలిలో గడ్డ ఉండగా నడిస్తే అది తెగి పైకి పోదా అని భయపడ్డాను. మందు మొదలయ్యాక నడిస్తే ఆ ప్రమాదం పెరగదని, మంచాన పడి ఉండడం వల్ల ఒరిగేదేమీ లేదని చెప్పింది.

ఒంటికన్నా మనసు కోలుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది. ఇది ముందుగా ఎవరూ చెప్పరు. ప్రతి చిన్న పోటుకూ గుండె జారేది. అర్ధరాత్రి లేచి ఆక్సీమీటర్ వేలికి పెట్టుకునేదాన్ని. 97 చూసి పడుకునేదాన్ని, మళ్లీ లేచేదాన్ని. చివరికి మా ఆయన దాన్ని అలమారాలో పైఅరలో పెట్టేశారు, నా చెయ్యి అందనంత ఎత్తులో. భుజం అలా ఉన్నన్నాళ్లు అంతకన్నా భద్రమైన చోటు ఇంకోటి లేదు. పక్కటెముకల పోటు కొన్ని వారాల్లో సద్దుమణిగింది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం మాత్రం నెలలు తీసుకుంది, రోజురోజుకూ కొంచెం కొంచెంగా తగ్గుతూ.

ఆపరేషన్ లాంటి తాత్కాలిక కారణంతో వచ్చిన గడ్డకు సాధారణంగా మూడు నెలల మందు చాలంటారు. ఆ గడువు అయ్యాక ఊపిరితిత్తుల డాక్టరు నన్ను కారిడార్‌లో నడిపించి, ఆయాసం ఎంతుందో అడిగి, మందు ఆపేయమన్నారు. కొద్దిమందిలో గడ్డలు పూర్తిగా కరగకుండా మిగిలి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెంచుతాయి, అందుకే మూడు నెలలు దాటినా ఆయాసం తగ్గనివాళ్లకు మళ్లీ ఎకో, ఇతర స్కాన్లు చేస్తారు. నాకు ఆ అవసరం పడలేదు. వంశపారంపర్యంగా గడ్డకట్టే గుణం ఉందేమో పరీక్షించరా అని అడిగితే, కారణం ఇంత స్పష్టంగా ఆపరేషనే అయినప్పుడు, ఇంట్లో ఎవరికీ ఆ చరిత్ర లేనప్పుడు ఆ పరీక్షలతో వైద్యం ఏమీ మారదన్నారు. మందు ఆపిన రోజు సంతోషం కన్నా దిగులే ఎక్కువైంది, ఇన్నాళ్లూ ఉన్న కాపలా తీసేసినట్టు.

ఇప్పుడు కుడి చెయ్యి తల పైకి లేస్తోంది. ఎడమ భుజం కూడా మొదలుపెట్టింది, అదే నొప్పి, అదే చోట. సర్జన్ ముందు వ్యాయామాలతో చూద్దామన్నారు. కత్తి దాకా వెళితే ఈసారి పద్ధతి వేరుగా ఉంటుందని ఆయనే చెప్పారు. ఒకసారి గడ్డ వచ్చిన మనిషిని తక్కువ రిస్క్ కింద లెక్కవేయరు, ఆపరేషన్ తర్వాత ముందుజాగ్రత్త మందు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎన్నాళ్లు ఇవ్వాలో రక్తం డాక్టరుతో కూర్చుని ముందే నిర్ణయిస్తారు. నా ఫైలు మొదటి పేజీలో అలర్జీల పెట్టె కిందే, ఎర్ర ఇంకుతో పల్మనరీ ఎంబాలిజం, అంటే ఊపిరితిత్తుల్లో గడ్డ అని రాసి ఉంది. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా ఆ కాగితం జిరాక్స్ పట్టుకునే వెళ్తున్నాను.